నాయకత్వ శిక్షణకు వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు ఎకరంన్నర పూలతోట ఉంది. బంతి, చామంతి వేస్తాం. మా రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున ఈసారి నాయకత్వ శిక్షణకు నన్ను పంపుతామంటున్నారు. మూడు రోజులు విశాఖలో ఉండాలట. మా మావయ్యగారు, పక్క పొలాల రైతులు మాత్రం "భోజనం పెడతారు, ఫొటో తీస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, అంతేగా" అంటున్నారు. మా సంఘం పెద్దలు ఇదివరకు చాలాసార్లు వెళ్లొచ్చినా ఊళ్లో తేడా ఏమీ కనబడలేదు. వెళ్లమంటారా?
– ఒక మహిళా రైతు, ఆనందపురం మండలం

జవాబు: వెళ్లండమ్మా. అలాగని మీ మావయ్యగారి మాట కొట్టిపారేయొద్దు. విశాఖ రైతు బజార్లలో కూరగాయలు అమ్ముకోవడానికి వచ్చే రైతుల్ని ఎవరిని కదిపినా దాదాపు ఇదే చెబుతారు. ప్రతిసారీ అదే నలుగురు వెళ్తారు, తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నారో ఎవరికీ చెప్పరు. పైగా సరిగ్గా వరి ఉభాలు (నాట్లు) ముమ్మరంగా సాగుతున్నప్పుడే రమ్మంటారు. తెల్లారకముందే పూలు కోసి మార్కెట్‌కి వేయాల్సిన మనిషి మూడు రోజులు తోట వదిలేస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు? ఇవన్నీ న్యాయమైన మాటలు, శిక్షణ పెట్టేవాళ్లు ముందుగా వినాల్సిన మాటలు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది, అక్కడ చెప్పే పాఠాలు. ఆత్మవిశ్వాసం, ధైర్యంగా మాట్లాడటం, లక్ష్యాలు పెట్టుకోవడం, వీటికే సగం టైమ్ అయిపోతుంది. చెరువు తూము దగ్గర నీళ్ల వంతు కోసం గట్టిగా వాదించి తేల్చుకునే రైతుకి మాట్లాడటం నేర్పాలా? వాళ్లకి కావాల్సింది లెక్కలు చదవడం, తీర్మానం రాయడం. తీర్మానాల పుస్తకమే తీసుకోండి. సమావేశం మొదలవగానే పుస్తకం చేతులు మారుతుంది, ఖాళీ పేజీ కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు పడిపోతాయి, పైన వదిలిన జాగాలో తర్వాత ఎవరు ఏం రాశారో సభ్యులు చూడనే చూడరు. ఇది చాలా సంఘాల్లో అలవాటుగా మారిపోయింది. "ముందు రాయండి, చదివి వినిపించండి, అప్పుడు సంతకం పెడతాం" అని అనగలిగే మనిషి ఊరికి ఒక్కరు తయారైనా ఆ శిక్షణకి పెట్టిన ఖర్చు దండగ కాదు.

మీ సంఘం కంపెనీ చట్టం కింద నమోదై ఉంటే మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. సభ్యులు రైతులే అయితే ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు. డైరెక్టర్లు 5 నుంచి 15 మంది వరకు ఉండొచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపించాల్సిందే. 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టించడానికి 2020లో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో చేరి ఉంటే మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సాయం వస్తుంది, అది కాక సభ్యులు కట్టిన వాటాకి సమానంగా ఒక్కొక్కరికి 2,000 వరకు, సంఘం మొత్తానికి 15 లక్షలకు మించకుండా గ్రాంటు. ఆ డబ్బు మీ సంఘానికి వచ్చిందా, వస్తే దేనికి ఖర్చయింది? ఇది అడగడం తప్పు కాదు, మీ వాటా డబ్బు కూడా అందులో ఉంది.

కాబట్టి వెళ్లేముందే సంఘం నుంచి కిందటేడాది లెక్కల కాగితాలు అడిగి తీసుకోండి, వాటిని శిక్షణలో ముందు పెట్టి అర్థమయ్యేదాకా అడగండి. తిరిగొచ్చాక ఒక సాయంత్రం సభ్యులందర్నీ కూర్చోబెట్టి, మీ మావయ్యగారితో సహా, విన్నదంతా చెప్పండి. వచ్చేసారి మీరు కాకుండా ఇంకొకరు వెళ్లేలా అక్కడే పట్టుబట్టండి.

ప్రశ్న: నేను కౌలు రైతుని. సెంటు భూమి కూడా లేదు. శిక్షణలకి ఎలాగూ పిలవరు, కనీసం గ్రామసభలో మాట్లాడే హక్కయినా ఉందా?
– ఒక పాఠకుడు, పద్మనాభం మండలం

జవాబు: పూర్తిగా ఉంది. పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, భూమితో సంబంధం లేదు. ఎవరైనా "నీకేం పని" అంటే ఈ మాటే చెప్పండి. శిక్షణకి కౌలు రైతుల్ని కూడా ఎంపిక చేయాలని గ్రామసభలోనే అడిగి, ఆ మాట తీర్మానంలో రాయించండి. ముందుగా ఓటరు జాబితాలో మీ పేరు ఉందో లేదో సచివాలయంలో చూసుకోండి.