యాప్‌లో ఇన్సూరెన్స్ 2026 దాకా అని ఉంది కదా అని బండి బయటికి తీసేయకండి

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒకాయన రాశారు. వయసు 34, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకి చేతికొచ్చేది 92 వేలు, సేవింగ్స్ ఖాతాలో 40 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు నెలకి 15 వేలు. సంక్రాంతికి అమ్మానాన్న, భార్య, ఐదేళ్ళ పాప, బామ్మర్దితో సొంత కార్లో తిరుపతి మీదుగా రాజమండ్రి, అక్కణ్ణుంచి అరకు, మొత్తం పది రోజుల ప్లాను. "కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ, 2026 అక్టోబర్ దాకా వ్యాలిడ్ అని యాప్‌లో చూసుకున్నా, ఆఫీసు హెల్త్ కవర్ 5 లక్షలుంది, ఆ టెన్షన్ లేదు. ట్రిప్‌కి లక్షన్నర కావాలి, బ్యాంకు యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ లోన్ 16 శాతానికి చూపిస్తోంది, అది తీసుకోనా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా?" ఇదీ ఆయన అడిగింది.

రెండూ వద్దు. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు ఆ "టెన్షన్ లేదు" అన్న మాట దగ్గర ఆగుదాం.

కారు 2023 అక్టోబర్‌లో కొన్నానని రాశారు కాబట్టి నాకు అనుమానమొచ్చి పాలసీ పీడీఎఫ్ పంపమన్నా. అనుకున్నట్టే ఉంది. మొదటి పేజీలో రెండు వరుసలున్నాయి, లయబిలిటీ కవర్, అంటే మన బండి వల్ల అవతలివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ, 2026 అక్టోబర్ వరకు, దాని పైన ఓన్ డ్యామేజ్, అంటే మన బండి రిపేరుకి ఇచ్చేది, 2024 అక్టోబర్ వరకు. అంటే ఈయన పధ్నాలుగు నెలలుగా ఔటర్ రింగ్ రోడ్డు మీద సొంత కారుకి పైసా కవర్ లేకుండా తిరుగుతున్నారు, పైగా బంపర్ టు బంపర్, అంటే పార్టుల తరుగు కోసుకోకుండా ఇచ్చే ఫుల్ కవర్, ఉందన్న ధీమాతో. సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది, ఓన్ డ్యామేజ్ మాత్రం షోరూముల్లో ఎక్కువగా ఒక్క ఏడాదికే కట్టించుకుంటారు. యాప్‌లో ఈయనకి కనబడింది ఆ మూడేళ్ళ తేదీ. హోస్కోటె దగ్గర పోలీసు ఆపినా ఏమీ అనడు, ఎందుకంటే చట్టం అడిగేది థర్డ్ పార్టీయే. రెన్యువల్ ఎస్సెమ్మెస్‌లు వచ్చే ఉంటాయి, మూడేళ్ళది ఉంది కదా వీళ్ళకేం పని అని తీసేసి ఉంటారు, ఇలా చేసినవాళ్ళని ఈ ఏడాదే నలుగుర్ని చూశాను.

పాలసీ అయిపోయిన 90 రోజుల్లో కట్టి ఉంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ మిగిలేది, అది పోయింది, పోనీండి. ఇప్పుడు స్టాండలోన్, అంటే విడిగా ఓన్ డ్యామేజ్ ఒక్కటే ఉండే పాలసీ తీసుకోండి, గ్యాప్ వచ్చింది కాబట్టి బండిని ఇన్‌స్పెక్ట్ చేస్తారు, చాలామంది ఫోన్లో వీడియో తీసి పంపమంటారు, అందుకే బయల్దేరే ముందు రోజు రాత్రి కూర్చుంటే కుదరదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలుపుకోండి. కొత్త మ్యూజిక్ సిస్టం పెట్టించా అన్నారు, అది పాలసీలో చూపించకపోతే దానికి క్లెయిమ్ రాదు.

కారు ఇనుము. అసలు గొడవ లోపల కూర్చునే వాళ్ళది.

మీ జాబితా లెక్కపెట్టా అండీ. మీరు, భార్య, పాప, అమ్మ, నాన్న, బామ్మర్ది, ఆరుగురు. కారు ఐదు సీట్లది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అంటారు, తెలుసు, అందరం అదే చేస్తాం, కానీ ఆర్‌సీలో ఎన్ని సీట్లుంటే అంతమంది వరకే కంపెనీ బాధ్యత అని కోర్టులు చెప్పాయి, మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఒళ్ళో పిల్ల ఎంత భద్రమో మీరే ఆలోచించుకోండి. ఇంకోటి, ఉత్త లయబిలిటీ పాలసీ మాత్రమే ఉంటే కార్లో ఊరికే ఎక్కించుకున్న వాళ్ళకి మేం ఇవ్వం అని కంపెనీలు వాదిస్తాయి, ఆ వాదన నెగ్గిన కేసులూ ఉన్నాయి. ప్యాకేజీ పాలసీ, అంటే లయబిలిటీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసినది అయితే లోపలున్నవాళ్ళూ వస్తారని ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏ 2009లోనే తేల్చింది. అయినా యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్‌లో డబ్బు చేతికొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది.

యజమాని-డ్రైవరుకి ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీ ఒక్కరికే, అదీ మీకు లైసెన్సు ఉంటేనే. సగం దూరం బామ్మర్ది నడుపుతాడు అన్నారు కదా, ఆయనకి అది వర్తించదు. మీ పీడీఎఫ్‌లో అదీ ఏడాదికే ఉంది, అంటే మీకూ లేదు. అన్‌నేమ్డ్ ప్యాసింజర్స్‌కి, అంటే పేర్లు రాయకుండా కార్లో కూర్చున్నవాళ్ళకి అని ఒకటి కలుపుకోవచ్చు, మనిషికి గరిష్ఠంగా 2 లక్షలు, కలపండి, కానీ అదే చాలు అనుకోవద్దు. మీకూ మీ ఆవిడకీ విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, అది కారుకి కాదు మనిషికి కాబట్టి మీరు బస్సెక్కినా బైకెక్కినా ఉంటుంది.

ఇక ఆఫీసు 5 లక్షలు. హెచ్ఆర్ పోర్టల్‌లో డిపెండెంట్స్ పేజీ తీసి చూడమంటే భార్య, పాప పేర్లే ఉన్నాయి. అమ్మానాన్నల్ని కలిపితే జీతంలో కోత పడుతుందని రెండేళ్ళ కింద వదిలేశారట. మ్యూజిక్ సిస్టంకి 38 వేలు పెట్టిన మనిషి! కోపం తెచ్చుకోకండి, కానీ ఈ లెక్క నాకు అర్థం కాదు. అమ్మానాన్నలిద్దరికీ సొంతంగా హెల్త్ పాలసీ ఇప్పుడే మొదలుపెట్టండి. నాన్నగారి షుగర్‌కి వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం ఉంటుంది, గరిష్ఠంగా మూడేళ్ళు, దాచకుండా రాయండి. కానీ యాక్సిడెంట్ వల్ల హాస్పిటల్లో చేరితే మామూలుగా ఉండే ముప్ఫై రోజుల వెయిటింగ్ కూడా వర్తించదు, పాలసీ మొదలైన రోజు నుంచే కవర్. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలా సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళకి కేంద్రం 2025 మేలో తెచ్చిన క్యాష్‌లెస్ స్కీము ఉంది, మనిషికి లక్షన్నర దాకా, ఏడు రోజుల వరకు, మంచిదే, కానీ తొడ ఎముక విరిగి ఐసీయూలో పడితే అది ఎన్నాళ్ళొస్తుంది?

కవర్ ఉన్నా చేతిలో డబ్బుండాలి, ఇది నా అనుభవం. కొన్నేళ్ళ కింద ములబాగల్ దాటాక రాత్రి పదకొండింటికి వెనకనుంచి టమాటా లోడు వ్యాను గుద్దింది, మా అత్తగారి మణికట్టు విరిగింది. హెల్త్ కార్డు చూపించినా అప్రూవల్ వచ్చేదాకా 30 వేలు కట్టమన్నారు, తెల్లారాకగానీ అప్రూవల్ రాలేదు, ఈలోపు టోయింగ్ వాడు బండి ఎత్తనన్నాడు క్యాష్ ఇస్తేగానీ. అంతా సేవింగ్స్ ఖాతాలోంచే పోయింది. మీ ఖాతాలో ఉన్న 40 వేలు మీ ఇంటి ఖర్చుకి నెల కూడా రాదు. ముందు మూడు నెలల ఖర్చు, తర్వాత ఆరు నెలలది పక్కన పెట్టండి. దానికోసం సిప్ మూణ్ణెల్లు ఆపినా కొంపలేం మునగవు.

లోన్ సంగతి. లక్షన్నర, 16 శాతం, రెండేళ్ళు అంటే నెలకి 7,344, వడ్డీయే 26 వేలు దాటుతుంది, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ కలిపితే ఇంకో 3,540. అరకులో పది ఫోటోలకి రెండు సంక్రాంతుల దాకా కిస్తీ కడతారా? ప్రీ-అప్రూవ్డ్ అంటే బ్యాంకు మీకు మర్యాద చేస్తోందని కాదు, మీ జీతం ఏ తారీకున పడుతుందో దానికి తెలుసు, అంతే. కార్డు ఈఎంఐ అదే బాపతు, నేను దాని జోలికే పోను. ఆ ముప్ఫై వేలుంటే మీ హ్యాచ్‌బ్యాక్‌కి ఓన్ డ్యామేజ్ కట్టి, అమ్మానాన్నల ప్రీమియంలో కొంతైనా సర్దొచ్చు.

అరకు ఈసారికి మానేయండి, రాజమండ్రిలో పండగ చేసుకుని వచ్చేయండి, పెట్రోలు, టోళ్ళు, తిరుపతిలో ఒక రాత్రి, ఇవన్నీ ఈ నెలా వచ్చే నెలా జీతాల్లో సర్దుకునేవే. పాలసీలు వచ్చాక పీడీఎఫ్‌లు మీ ఫోన్లోనే కాదు, మీ ఆవిడ ఫోన్లోనూ పెట్టండి, దెబ్బ తగిలింది మీకే అయితే మీ ఫోను లాక్ ఎవరు తీస్తారు? బామ్మర్దికి మాత్రం రైలో బస్సో ఏదో ఒక టికెట్ ఇవాళే చూడండి, సంక్రాంతి సీట్లు ఇప్పటికే వెయిటింగ్ లిస్టులో ఉండి ఉంటాయి.