అబద్ధం చెప్పి కొన్న కీబోర్డు

ప్రశ్న: నాకు 50 ఏళ్లు. పెళ్లికి ముందు రాజమండ్రిలో ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాడిని. ఉద్యోగం వచ్చాక మానేశాను. ఏడాదిగా పాత వాయిద్యాలు కొంటున్నాను. యమహా డీఎక్స్7 కీబోర్డు, రోలాండ్ టీఆర్-505 డ్రమ్ మెషీన్, క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు ఉన్నాయి. రాత్రిళ్లు ఇంట్లోనే రికార్డింగ్ చేసుకుంటాను. డీఎక్స్7 స్నేహితుడు ఊరికే ఇచ్చాడని మా ఆవిడకు అబద్ధం చెప్పాను. ఈమధ్య బ్యాంకు మెసేజ్ చూసి ఆమెకు తెలిసిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఇంటర్ చదివే మా అబ్బాయేమో ‘ఈ సౌండ్లన్నీ ఫోన్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా నాన్నా’ అంటాడు. అన్నీ అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి. మీ ఆవిడ మాట్లాడటం మానేసింది కీబోర్డు ఇంటికొచ్చిన రోజు కాదు, మెసేజ్ చూసిన రోజు. ఇప్పుడు టెన్షన్‌లో అన్నీ అమ్మేస్తే, ‘నీ వల్లే వదులుకున్నాను’ అనే మాట ఏదో ఒకరోజు మీ నోట వస్తుంది. అబద్ధం మీదైతే నింద ఆమె మోయాలా?

మీ అబ్బాయి అన్నదీ నిజమే, శబ్దాలు ఫోన్‌లో దొరుకుతాయి. కానీ టీఆర్-505లో ఉన్నవి 16 శబ్దాలే. వాటినే బటన్లు నొక్కుతూ తాళంగా పేర్చుకోవాలి. ఎంచుకోవడానికి ఎక్కువ లేదు కాబట్టి చేతులు పనిలో పడతాయి. ఫోన్‌లో అయితే వేల సౌండ్లు వెతకడంతోనే రాత్రి గడిచిపోతుంది. పైగా 1983లో వచ్చిన డీఎక్స్7లోని ఆ గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో శబ్దం వింటూ పెరిగిన తరం మీది. దాని మీద మీకు మనసు పోవడంలో పిచ్చేమీ లేదు. ఉద్యోగం, సంసారం మోసిన మనిషికి రోజూ ఒక గంట ఇలాంటిది ఉండాలనే నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు పని. ఈ వారంలోనే, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, ఆమె దగ్గర కూర్చుని మూడింటి ధరా చెప్పండి. ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. ‘నా సంపాదనే కదా’ అని మాత్రం మొదలుపెట్టకండి. రాబోయే ఖర్చు కూడా అప్పుడే చెప్పేయండి. డీఎక్స్7 లోపలి బ్యాటరీ అయిపోతే దాచుకున్న సౌండ్లు పోతాయి, దాన్ని మార్పించాలి. అది జపాన్ నుంచి వచ్చిన 100 వోల్టుల మోడల్ అయితే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మూత మీరే విప్పకండి, ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.  ఇవన్నీ లెక్కలోకి రాకపోతే మూడు నెలలకు మళ్లీ ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

తర్వాత ఆమె చెప్పేది వినండి. డబ్బు కాక, ఏడాదిగా మీరు రాత్రిళ్లు ఆ గదిలోనే ఉండిపోవడం ఆమెను ఎక్కువ బాధపెట్టి ఉండొచ్చు. నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి. అది దాటితే అడగకుండా కొనవద్దు. ఒక పాట పూర్తయ్యేదాకా అసలు కొత్తది కొననే వద్దని నా సలహా. మీ దగ్గరున్న ఎంటీ-40 లాంటి చిన్న కీబోర్డులో ‘రాక్’ అనే రిథమ్ ఒక్కటి పట్టుకుని 1985లో జమైకాలో ఒక పాట చేస్తే, అక్కడి రెగే సంగీతమే కొత్త దారి పట్టింది. మీకున్న మూడూ చాలు.

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా మీటలు, బటన్ల చప్పుడు టేబుల్ గుండా పక్క గదికి వినిపిస్తుంది. కింద మందపాటి బొంత వేయండి. అబ్బాయి పరీక్షలయ్యేదాకా పదింటికల్లా ఆపేయండి. పరీక్షలయ్యాక డీఎక్స్7నీ డ్రమ్ మెషీన్‌నీ మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపే పని వాడికే అప్పగించండి. నలభై ఏళ్ల నాటి ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

మీ ఆవిడను మాత్రం వచ్చి వినమని బలవంతం చేయకండి. అన్నీ చెప్పాక కూడా రెండు మూడు వారాలు మౌనమే కొనసాగితే, ఆమెకు నమ్మకమున్న పెద్దవాళ్లతోనో, ఫ్యామిలీ కౌన్సెలర్‌తోనో ఇద్దరూ కలిసి మాట్లాడండి.