నొప్పి మాత్రలకు సంతకం అడిగితే తప్పుగా అనుకోవాలా?

ప్రశ్న: మాది తాడిపత్రి. నాన్నకు 58 ఏళ్లు. బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బరువులు ఎత్తి నడుము దెబ్బతింది. ఆపరేషన్ అయినా నొప్పి పోలేదు. డాక్టర్ ట్రామడాల్ రాస్తున్నారు. ఈమధ్య ఒక ఒప్పంద పత్రం మీద సంతకం అడిగారు. ఈ మాత్రలు వేరే డాక్టర్ దగ్గర రాయించుకోకూడదట, అడిగినప్పుడు మూత్ర పరీక్ష చేయించుకోవాలట. ‘నన్ను దొంగలా చూస్తున్నారు’ అని నాన్న బాధపడుతున్నారు. సంతకం చేయమంటారా?

జవాబు: చేయొచ్చు. కానీ అందులో ఏముందో నాన్నగారికి తెలుగులో చదివి వినిపించాకే.

ట్రామడాల్ మార్ఫిన్ కోవకు చెందిన మందు. 2018 నుంచి మన దేశంలో మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. నెలల తరబడి వాడితే ఎంత మంచి మనిషి శరీరమైనా దీనికి అలవాటు పడుతుంది. ఇద్దరు డాక్టర్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఇదే రాసినా, దీనికి నిద్రమాత్రో మద్యమో తోడైనా శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఒకే డాక్టర్, ఒకే మెడికల్ షాపు అనే నియమం అందుకే. పక్కింటాయన మోకాళ్లు నొప్పంటే మన మాత్రల్లోంచే రెండు ఇచ్చేస్తుంటాం. ఆ పని మాత్రం వద్దే వద్దు.

ఇలాంటి పత్రాల్లో నాకు నచ్చనిది ఒకటుంది. చాలావాటిలో రోగి ఏం చేయాలో మాత్రమే ఉంటుంది, డాక్టర్ ఏం చేస్తారో ఉండదు. అదీ రాయమని అడగండి, అది మీ హక్కు. ఈ మందుతో నాన్నగారు ఏం చేయగలగాలి? అనంతపురం దాకా బస్సులో కూర్చోగలగడమా, పొద్దున అరగంట నడవడమా? ఆ మేలు కనిపించకపోతే మందు ఎలా తగ్గిస్తారు? డాక్టర్ ఊళ్లో లేకపోతే ఎవరిని కలవాలి? పత్రం కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

మూత్ర పరీక్షలో ఒక మెలిక ఉంది. ఓపియేట్ల (మార్ఫిన్ లాంటి మందుల) కోసం చేసే మామూలు స్క్రీనింగ్‌లో ట్రామడాల్ సాధారణంగా కనిపించదు. ‘మందు వాడటం లేదు, అమ్ముకుంటున్నారు’ అని ఎవరైనా అంటే, ట్రామడాల్‌కు విడిగా పరీక్ష చేయమని అడగండి.

ఇంకో మాట. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో నడుము, తుంటి, మోకాళ్ల నొప్పులున్న 240 మందిని 12 నెలలు గమనించారు. మార్ఫిన్ లాంటి మందులు మామూలు నొప్పి మందులకన్నా మెరుగ్గా పనిచేయలేదు. కాబట్టి ఫిజియోథెరపీ గురించి, వేరే మందుల గురించి మీ డాక్టర్‌తో తప్పక మాట్లాడండి. అలాగని మాత్రలు ఒక్కసారిగా ఆపేయకండి. చెమటలు, వణుకు, నిద్రలేమితో నాన్నగారు అల్లాడిపోతారు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి. లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, శ్వాస నెమ్మదించినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.