నోరు తెరిపించి ‘మూడు’ అని రాసుకున్నారు, భయపడాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి అరవై దాటాయి. పిత్తాశయంలో రాళ్లకు త్వరలో ల్యాపరోస్కోపీ ఆపరేషన్ చేస్తామన్నారు. మత్తు డాక్టరు గారు వచ్చి ఆయనను కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమన్నారు. ఒక్క క్షణం చూసి కేసు షీటులో ‘మల్లంపాటి మూడు’ అని రాసుకున్నారు. గురక వస్తుందా, కట్టుడు పళ్లున్నాయా అని కూడా అడిగారు. ఆపరేషన్ పొట్టకైతే నోటితో పనేమిటి? మూడు అంటే ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ ఆపరేషన్‌కు సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. మత్తుతో పాటు కండరాలను సడలించే మందు కూడా ఇస్తారు కనుక రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. అందువల్ల నోటిగుండా, స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి యంత్రంతో శ్వాస నడిపిస్తారు. నాలుక మొదలు పెద్దదిగా ఉండి దారికి అడ్డువస్తే స్వరతంత్రులు సరిగా కనిపించవు, గొట్టం వేయడం కష్టమవుతుంది. నోరు చూసేది అందుకే.

కేసు షీటులోని ఆ ఇంటిపేరు మీకు పరాయిది కాదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారిది అది. కూర్చున్న రోగి నోరు తెరిచి నాలుక చాపినప్పుడు కొండనాలుక, దాని పక్కల మడతలు, మెత్తని అంగిలి ఎంతమేరకు కనిపిస్తాయో చూస్తే గొట్టం వేయడం సులువో కష్టమో ముందే అంచనా వేయవచ్చని ఆయన ప్రతిపాదించి, 210 మంది రోగుల మీద పరిశీలించి 1985లో ప్రచురించారు. కనిపించేది తగ్గేకొద్దీ తరగతి అంకె పెరుగుతుంది. అప్పుడు తరగతులు మూడే. నాలుగోది 1987లో బ్రిటన్ వైద్యులు చేర్చారు. ఇప్పటి లెక్కలో మూడు అంటే మెత్తని అంగిలి, కొండనాలుక మొదలు మాత్రమే కనిపిస్తున్నాయని అర్థం. పరీక్ష చేసేటప్పుడు రోగిచేత ‘ఆ’ అనిపించకూడదు. అనిపిస్తే అంగిలి పైకి లేచి, ఉన్నదానికన్నా మంచి తరగతి వచ్చినట్లు కనిపిస్తుంది. హడావుడిలో ఈ నియమాన్ని మరిచిపోయేవారూ ఉన్నారు.

అయితే ఆ అంకెను తీర్పుగా తీసుకోకండి. వైద్య అధ్యయనాలను కలిపి తూచి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 133 అధ్యయనాలతో 2018లో వెలువరించిన సమీక్ష ప్రకారం, గొట్టం వేయడం నిజంగా కష్టమైనవారిలో దాదాపు సగం మందిని మాత్రమే ఈ పరీక్ష ముందుగా పట్టుకోగలిగింది. మూడు వచ్చినవారిలో చాలామందికి గొట్టం ఏ ఇబ్బందీ లేకుండా పడుతుంది. ఒకటి వచ్చినవారిలో కొందరు ఊహించని చిక్కు తెచ్చిపెడతారు. అందుకే జాగ్రత్తపరులైన వైద్యులు మెడ ఎంత వెనక్కి వంగుతుందో, నోరు ఎన్ని వేళ్ల వెడల్పు తెరుచుకుంటుందో, కింది పళ్లతో పై పెదవిని కొరకగలరో లేదో కూడా చూస్తారు. స్వరపేటికను సరిగా చూడగలమా లేదా అన్నది ముందే కనిపెట్టడంలో ఈ పెదవి కొరికే పరీక్షే మిగతావాటికన్నా మెరుగని అదే సమీక్ష తేల్చింది. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ, నాకూ దాని మీదే గురి.

‘మూడు’ అని రాసుకున్నందువల్ల మేలే జరుగుతుంది. ఆ రోజు కెమెరా ఉన్న లారింగోస్కోపును (గొంతు లోపల స్వరతంత్రులను చూసే పరికరాన్ని), వేరే కొలతల గొట్టాలను, సహాయానికి మరో వైద్యుణ్ణి ముందే సిద్ధంగా ఉంచుకుంటారు. మత్తు ఇచ్చే ముందు మాస్కుతో కొన్ని నిమిషాల పాటు ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరి ఆగాక గొట్టం పడేదాకా రోగికి ఆ నిల్వే ఆధారం. గురక గురించి అడిగింది, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవారికి మాస్కుతో గాలి అందించడం కూడా కష్టం కావచ్చు కనుక.

మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కదిలే పన్ను ఉంటే తప్పక చెప్పండి; కట్టుడు పళ్లు తీసి ఇంట్లోవారికి ఇవ్వమనండి. గుబురు గడ్డం మాస్కును ముఖానికి అతుక్కోనివ్వదు, దాన్ని తీయించడం మంచిది. పాత ఆపరేషన్ల కాగితాలుంటే వెంట తీసుకువెళ్లండి. ఈసారి గొట్టం వేయడం కష్టమైందని డాక్టరు చెబితే, ఏ పరికరంతో వేశారో డిశ్చార్జి కాగితంలో రాసివ్వమని అడగండి; తరువాత మరో ఊళ్లో, మరో ఆసుపత్రిలో అత్యవసరంగా మత్తు ఇవ్వాల్సి వస్తే అక్కడి డాక్టరు మొదట వెతికేది ఆ వాక్యం కోసమే.