మహమ్మారి సమయంలో టీకాను తప్పనిసరి చేయడం నైతికంగా సమర్థనీయమేనా?

ఈ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. టీకా మేలు చేస్తుందా అన్నది ఒకటి, వద్దన్నవారికి కూడా వేయించవచ్చా అన్నది మరొకటి. మొదటిదానికి అవునని చెప్పినంత మాత్రాన రెండోది తేలిపోదు. కోవిడ్ సమయంలో ఒక టీకా కేంద్రంలో వివరాలు నమోదు చేసుకుని, సమ్మతి పత్రాలు తీసుకునే పని చేశాను కనుక, నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

తప్పనిసరి చేయాలనేవారి ప్రధాన వాదన, టీకా వేసుకోనివారి వల్ల ఇతరులకు హాని కలుగుతుందన్నది. తట్టు విషయంలో ఈ వాదన చాలా బలమైనది, ఎందుకంటే నూటికి 95 మంది దాకా టీకా వేసుకుంటే తప్ప, ఇంకా టీకా వయసు రాని పసిపిల్లలకు రక్షణ దొరకదు. కోవిడ్ టీకాలు తీవ్రమైన జబ్బు నుంచీ మరణం నుంచీ బాగా కాపాడాయి కానీ, 2021 చివరలో ఒమిక్రాన్ వచ్చాక వ్యాప్తిని ఆపే శక్తి వాటికి బాగా తగ్గింది. అటువంటప్పుడు పాత నిబంధననే యథాతథంగా కొనసాగించడానికి పాత కారణం చాలదు. 1905లో అమెరికా సుప్రీంకోర్టు మశూచి టీకా కేసులో ప్రభుత్వ అధికారాన్ని సమర్థించిందని చాలామంది ఉదహరిస్తారు. ఆ కేసులో టీకా వద్దన్న వ్యక్తికి పడినది 5 డాలర్ల జరిమానా మాత్రమేనన్న సంగతి మాత్రం ఎందుకో ఎవరూ చెప్పరు.

ఒత్తిడి వల్ల వచ్చే అసలు చిక్కు నాకు ఆ కేంద్రంలోనే అర్థమైంది. గతంలో ఏదైనా ఇంజెక్షన్ వల్ల తీవ్రమైన అలర్జీ వచ్చిందా అన్న చోట ఒకావిడ ముందు "అవును" అని టిక్కు పెట్టి, తర్వాత దాన్ని కొట్టేసి "లేదు" దగ్గర పెట్టారు. ఏమిటని అడిగితే, "అవునంటే వెనక్కి పంపేస్తారు, సర్టిఫికెట్ లేకపోతే సోమవారం నుంచి పనిలోకి రానివ్వరు" అన్నారు. డాక్టరు ఆమెతో మాట్లాడి, వివరాలన్నీ కనుక్కుని టీకా వేయించారు. అందరినీ 15 నిమిషాలు కూర్చోబెడితే ఆమెను 30 నిమిషాలు ఉంచారు. ఆ కొట్టివేత ఎవరి కంటా పడకపోయి ఉంటే ఈ జాగ్రత్త ఉండేది కాదు. ఉద్యోగం పోతుందన్న భయంతో వచ్చినవారు తమ ఆరోగ్యం గురించి నిజం చెప్పడం కష్టం. చెప్పకపోతే టీకా భద్రతే దెబ్బతింటుంది. నిర్బంధానికి ఉన్న ఈ మూల్యాన్ని విధాన నిర్ణేతలు లెక్కలోకి తీసుకున్నట్టు నాకు కనిపించలేదు.

అరుదైన దుష్ప్రభావాలను దాచడం కూడా ఇలాంటిదే. 2021లో ఆస్ట్రాజెనెకా టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య బయటపడినప్పుడు, కొన్ని దేశాలు దాన్ని బాహాటంగా చెప్పి, చిన్న వయసువారికి వేరే టీకా ఇచ్చాయి. చెబితే జనం భయపడతారన్నవారూ ఉన్నారు. భయపడేవారు ఉంటారు, నిజమే. అయినా తర్వాత తెలిసినప్పుడు పుట్టే అనుమానం ఆ ఒక్క టీకాతో ఆగదు.

నా మటుకు, రోగుల మధ్య పనిచేసే సిబ్బందికి, అదీ టీకా వ్యాప్తిని గణనీయంగా తగ్గిస్తున్నంత కాలమే, తప్పనిసరి చేయడాన్ని ఒప్పుకుంటాను. వైద్య కారణాలతో మినహాయింపు కోరినవారి జీతం ఆపకూడదు. టీకా వల్ల నష్టపోయినవారికి, తప్పెవరిదని కోర్టులో నిరూపించే భారం లేకుండా పరిహారం అందాలి. అన్ని దేశాలకూ కోవిడ్ టీకాలు అందేలా చూసేందుకు ఏర్పడిన అంతర్జాతీయ కార్యక్రమం కోవాక్స్ ద్వారా, దాతల సాయంతో టీకాలు పొందే అర్హత ఉన్న 92 దేశాల కోసం అటువంటి పథకాన్ని 2021లోనే ఏర్పాటు చేశారు కనుక, అది ఆచరణలో సాధ్యం కాదనడానికి వీల్లేదు.