ట్రైలర్ తగిలిస్తే బండి వెనక కూర్చుంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి. చిత్తూరులో బాడీ కట్టే షెడ్డులో ఒక చిన్న కారవాన్ ట్రైలర్ చేయించుకున్నాం. రెండు పడకలు, చిన్న వంటగట్టు, ముందు వైపు 200 లీటర్ల నీళ్ళ ట్యాంకు, అన్నీ కలిపి వెయ్యి కిలోల దాకా ఉంటుంది. మా పాత బొలెరోకి తగిలించి హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరితే వెనక బెత్తెడు కిందికి దిగిపోయింది. భాకరాపేట ఘాట్‌లో స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించింది, చీకటి పడ్డాక ఎదురొచ్చే ప్రతి బండీ లైట్లు కొట్టడమే. భయమేసి పీలేరు నుంచే తిరిగొచ్చేశాం. ఒక మెకానిక్ వెనక స్ప్రింగు కట్టలో ఇంకో రెండు కమాన్ పట్టీలు ఎక్కించమంటాడు, ఇంకొకాయన వెనక స్ప్రింగుల దగ్గర గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయమంటాడు. పిల్లలతో వెళ్ళే బండి, టెన్షన్‌గా ఉంది. ఏది మంచిది?

జవాబు: తిరిగొచ్చి మంచి పని చేశారు. రెండిట్లో దేనికీ ఇప్పుడే డబ్బు పెట్టకండి, ముందు తూకం వేయించండి.

ఎద్దుల బండి తోలినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. సరుకు ముందుకి ఎక్కువ వేస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. మీ బొలెరో ఇప్పుడు ముందు భారం మోస్తున్న ఎద్దు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు హుక్కు మీద పడాలి, అంటే మీకు 100 నుంచి 150 కిలోలు. ముందు వైపు నిండు ట్యాంకు పెట్టారు కదా, నీళ్ళే 200 కిలోలు, కాబట్టి మీది 150 దాటి ఉంటుందనే నా అనుమానం. మామిడి మండీలో బస్తాలు తూచే కాటా ఒక పూట అడిగి తెచ్చుకోండి. ట్రైలర్ చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, కాటా మీద దిమ్మె ఉంచి, దాని మీద ట్రైలర్ మూతిని హుక్కు ఎత్తులోనే ఆనించండి. అక్కడ చూపించేదే అసలు లెక్క. మొత్తం బరువు లారీలు తూచే వేబ్రిడ్జి మీద చూసుకోండి, చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర దొరుకుతుంది. తర్వాత బొలెరోకి, ఆ హుక్కుకి కంపెనీ ఎంత వరకు లాగొచ్చని ఇచ్చిందో పుస్తకంలో చూడండి, అది దాటితే ఏ స్ప్రింగూ మిమ్మల్ని కాపాడదు.

స్టీరింగ్ ఎందుకు తేలిందో చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. బొలెరో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,680 మిల్లీమీటర్లు. హుక్కు వెనక ఇరుసుకి 110 సెంటీమీటర్లు అవతల ఉందనుకుందాం. అక్కడ 150 కిలోలు వేలాడితే వెనక చక్రాల మీద పడేది 150 కాదు, సుమారు 210. ఆ ఎక్కువైన 60 ముందు చక్రాల మీద నుంచి లేచిపోయిందన్నమాట. స్టీరింగ్ తేలిపోవడం, ముందు బ్రేకు పట్టు తగ్గడం, లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొట్టడం, మూడూ దాని వల్లే.

పట్టీలు ఎక్కించినా, బ్యాగులు వేసినా వెనక పైకి లేస్తుంది, చూడ్డానికి బండి సమంగా ఉంటుంది, లైట్లు కూడా దిగుతాయి. కానీ లేచిపోయిన ఆ 60 కిలోలు ముందుకి తిరిగి రావు. మెకానిక్కులు ఈ మాట చెప్పరు, అదే నా బాధ. నేను పాత జీపుకి రెండు పట్టీలు ఎక్కించుకున్నాను. లోడు మీద బాగానే ఉండేది, ఖాళీగా వస్తూ పాకాల దగ్గర వానలో బ్రేకు వేస్తే వెనక భాగం పక్కకి జారిపోయింది. మర్నాడే ఒక పట్టీ తీయించేశాను. ఇంకొకటి, చాలా పికప్ బండ్లలో వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటుంది. బండి ఎంత కిందికి దిగిందో చూసే అది లోడు తెలుసుకుంటుంది. మీరు వెనక ఎత్తేస్తే ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది! మీ బండికి అది ఉందేమో చూపించి, ఉంటే సరిచేయించుకోండి.

ముందు చేయాల్సింది ఖర్చు లేని పని. ట్యాంకు ఖాళీగా బయల్దేరండి, మదనపల్లెలో నింపుకోవచ్చు. వీలైతే ట్యాంకునే చక్రాల పైకి జరిపించండి. గ్యాస్ సిలిండరు, బియ్యం, పాత్రలు కూడా ఇరుసు దగ్గరికే. అలాగని బరువంతా వెనక్కి నెట్టొద్దు, హుక్కు మీద మొత్తం బరువులో నూటికి 10 వంతుల కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది, ఘాట్ దిగేటప్పుడు అది మొదలైతే ఆపడం చాలా కష్టం. వెనక టైర్లకి లోడుకి చెప్పిన గాలి, చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. పట్టీల వంపు పోయి చదునైపోయాయేమో, యూ బోల్టులు, బుష్‌లు ఎలా ఉన్నాయో చూపించండి, పాత బండికి సగం జబ్బు అక్కడే ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక మడ్‌గార్డ్ అంచు నుంచి నేలకి ముందూ వెనకా కొలవండి, ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించి ఒకసారి. ముందు ఇంకా బాగా లేస్తుంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనేది ఉంది, స్ప్రింగు కడ్డీలతో భారాన్ని కొంత ముందు చక్రాలకీ కొంత ట్రైలర్ చక్రాలకీ పంచుతుంది. ముందు బరువు తిరిగొచ్చేది దీనితోనే. మన దగ్గర దొరకడం కష్టం, దాని భారానికి తగ్గట్టు చట్రం లేకపోతే వాడకూడదు కూడా. ముందు మామూలుగానే ఉండి వెనక మాత్రం కాస్త దిగుతుంటే అప్పుడు ఎయిర్ బ్యాగులు వేయించండి, పట్టీల కన్నా అవే నయం, ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించుకోవచ్చు. రెండు బ్యాగులకీ గాలి గొట్టాలు వేరువేరుగా పెట్టమని గట్టిగా చెప్పండి. ఒకే గొట్టమైతే మలుపులో గాలి అటు నుంచి ఇటు పోయి బండి ఇంకా ఒరుగుతుంది.

ప్రశ్న: కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే వెనక లేస్తుందా? – రేణిగుంట నుంచి ఒక పాఠకుడు

జవాబు: లేవదు. మామూలు షాక్ అబ్జార్బర్ ఊపును ఆపుతుంది, బరువు మొయ్యదు. కారుతుంటే మాత్రం తప్పక మార్చండి, ట్రైలర్ వెనక ఉన్నప్పుడు ఆ ఊపు ప్రమాదం.