రెండు చేతులూ ఒకే సూది మీద వేసుకోండి

పోయిన చలికాలం అల్లిన స్వెటర్‌కి ఒక చేయి పొడుగు, ఒకటి పొట్టి వచ్చాయనీ, ఇప్పుడు మనవడికి అల్లుతున్నదానికి మొదటి చేయి సగమైందనీ, రెండోది అచ్చం దానిలాగే రావాలంటే ఏం చేయాలనీ అడిగారు.

రెండోది మొదటిదానిలా రాదండీ. వరసలు ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టుకున్నా రాదు. ఇది నేను అనుభవించి తెలుసుకున్న సంగతి.

1994లో మావారికి ఢిల్లీ బదిలీ అయింది. ఆర్కే పురంలో క్వార్టర్స్. గుంటూరు ఎండల్లో పెరిగినదాన్ని, అప్పటిదాకా నేను స్వెటర్ వేసుకున్నదే లేదు. అక్కడ డిసెంబర్ మధ్యాహ్నాలు పంజాబీ ఆడవాళ్లు పార్కులో ఎండకు కూర్చుని, పల్లీలు ఒలుచుకు తింటూ అల్లుతుండేవాళ్లు. మాటలు ఆగేవి కావు, చేతులూ ఆగేవి కావు. కింది ఇంటి ఆంటీ నాకు సీదా, ఉల్టా అనే రెండు మూల కుట్లు నేర్పింది. నెల తిరక్కుండా మావారికి స్వెటర్ మొదలుపెట్టాను. నేవీ బ్లూ ఫోర్ ప్లై (నాలుగు పోగుల) ఊలు. బోర్డర్‌కి 12 నంబరు సూదులు, పైదానికి 10 నంబరు. చేతికి మణికట్టు దగ్గర 56 కుట్లు వేసి, ఆరు వరసలకోసారి అటొకటి, ఇటొకటి పెంచుతూ 98కి తీసుకెళ్లాను. బోర్డర్ పైన మొత్తం 140 వరసలు.

ఒక చేయి అయ్యేసరికి ఇంటి నుంచి ఫోను. నాన్నకు ఆపరేషన్. ఊలు సంచిలో వేసుకుని జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. రెండో చేయి మొత్తం హాస్పిటల్ వరండాలో, బెంచీ మీద కూర్చుని అల్లాను. డాక్టర్ బయటికొచ్చినప్పుడల్లా సూదులు పక్కన పెట్టడం, ఆయన వెళ్లగానే మళ్లీ అందుకోవడం. నాన్న క్షేమంగా ఇంటికొచ్చారు, నేను ఢిల్లీ వచ్చేశాను.

రెండు చేతులూ పక్కపక్కన పరిచి చూస్తే ఒకటి ఇంచుమించు అంగుళం పొట్టి! మూడుసార్లు లెక్కపెట్టాను. దీనికీ 140, దానికీ 140. స్కేలు పెట్టి చూస్తే, ఢిల్లీ చేతిలో రెండు అంగుళాలకి 17 వరసలు, గుంటూరు చేతిలో 18. తేడా అంతే. రెండు అంగుళాలకి ఒక్క వరస ఎక్కువ పడితే 140 వరసలకి అంగుళం దాకా తగ్గిపోతుంది.

ఆంటీ రెండింటినీ వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసింది. ఒకటి మెత్తగా ఉంది, రెండోది అట్టలా బిర్రుగా ఉంది. "ఇది ఎక్కడ కూర్చుని అల్లావు?" అంది. చెప్పాను. ఇంకో మాట అనకుండా నా తల నిమిరి, కొస వెతికి విప్పడం మొదలుపెట్టింది. రెండు చేతులూ విప్పేసింది.

బాగున్నదాన్ని కూడా ఎందుకు విప్పిందో అప్పుడు అర్థం కాలేదు. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది, దాంతో అలాగే అల్లితే కుట్టు ఇంకోలా పడుతుంది. అందుకని మొత్తం కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల దారంతో వదులుగా కట్టి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి, కింద కాస్త బరువు కట్టి నీడలో ఆరేశాం. ఆరాక రెండు ఉండలు చుట్టి, ఒకే సూది మీద రెండు చేతులకీ కుట్లు వేసుకున్నాం. ఈ చేతికి ఒక వరస, వెంటనే ఆ చేతికి ఒక వరస. ఇక మనసు బాగున్న రోజు రెండూ వదులుగా పడతాయి, బాగోలేని రోజు రెండూ బిగుస్తాయి. అల్లికలో టెన్షన్ అంటే దారం బిగువు అంటారు గానీ, మన టెన్షనే దారంలోకి దిగుతుందని నా గట్టి నమ్మకం.

పెద్దవాళ్ల చేతులైతే మామూలు సూది మీద కుట్లు కిక్కిరిసిపోతాయి. మధ్యలో తీగ ఉండే సర్క్యులర్ సూది కొనుక్కుని అటూ ఇటూ తిప్పి అల్లండి. మీ మనవడిదే కాబట్టి పొడుగు సూది చాలు. ఉండలు రెండూ రెండు డబ్బాల్లో, చెరో పక్కన పెట్టుకోండి, లేకపోతే చిక్కు పడి ప్రాణం విసిగిపోతుంది. ఒక చేయి వరస పూర్తిచేసి లేవకండి. రెండోది కూడా అయ్యాకే లేవండి, లేకపోతే తిరిగి వచ్చాక ఎటు వెళ్లాలో తెలియక ఒకదానికి వరసలు ఎక్కువవుతాయి. కుట్లు పెంచేటప్పుడు అంచు కుట్టు వదిలేసి దాని లోపల పెంచండి, కలిపి కుట్టేటప్పుడు అంచు తిన్నగా వస్తుంది. పెంచిన చోటల్లా వేరే రంగు దారం ముక్క తగిలించండి.

ఇస్త్రీ చేసి సాగదీస్తే సరిపోతుందని వీడియోల్లో చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు బజార్లో ఊలు పేరుతో దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టారంటే పీలగా వేలాడిపోతుంది, మళ్లీ మామూలు కాదు. ఇంకో బాధ మన షాపులవాళ్లతో. రంగు ఒకటే కదమ్మా అంటూ ఏ ఉండ పడితే ఆ ఉండ ఇచ్చేస్తారు. చుట్టిన కాగితం మీద రంగు పేరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు కూడా ఉంటుంది. అది కలవకపోతే పొడుగు సరిపోయినా ఎండలోకి వెళ్లగానే ఒక చేయి వేరే ఛాయలో కనిపిస్తుంది. ఒక ఉండ ఎక్కువే కొనుక్కోండి, మిగిలితే టోపీ అవుతుంది.

రెడీమేడ్ దొరుకుతుంటే ఈ కష్టం దేనికని మీ ఇంట్లోనూ అనే ఉంటారు. అననివ్వండి. ఆ నేవీ బ్లూ స్వెటర్ మావారు పదిహేనేళ్లు వేసుకున్నారు. మోచేతుల దగ్గర పలచబడితే అక్కడ మాత్రం రఫూ చేశాను, పొడుగు మాత్రం చివరిదాకా రెండూ సమానంగానే ఉన్నాయి.

మీది సగం చెయ్యే అయింది, అది కూడా చిన్నపిల్లాడిది. విప్పేయండి. తడిపి ఆరేస్తే ఎల్లుండికి రెండూ కలిపి మొదలుపెట్టుకోవచ్చు.